బల్బు మారింది, మరి హోల్డరు? షాకు, నిప్పు భయం లేకుండా ఇన్సులేషన్ చేసుకునే పద్ధతి

గత వేసవిలో గుంటూరు బ్రాడీపేటలో ఒక పాత డాబా ఇంటికి పనికి వెళ్లాను. "బాబూ, వంటింట్లో బల్బు నెలకొకటి మాడిపోతోంది. మంచివే తెస్తున్నాం" అన్నారు ఆ ఇంటి పెద్దావిడ. కరెంటు ఆపి హోల్డరు మూత తిప్పాను. లోపల ఎర్రగా ఒకటి, నల్లగా ఒకటి ఉండాల్సిన వైర్లు రెండూ ఒకే ముదురు గోధుమ రంగుకు వచ్చేశాయి. స్క్రూ డ్రైవరు మొన తగలగానే వైరు పైపొర వేయించిన అప్పడంలా విరిగి నా అరచేతిలో రాలింది. దాని కింద రాగి తీగ నల్లబడి, బోసిగా ఉంది. రెండు తీగల మధ్య గోరు పట్టేంత సందు మాత్రమే మిగిలింది. "ఇది బిగించి ఎన్నేళ్లయిందమ్మా?" అని అడిగాను. "మా పెద్దమ్మాయి పెళ్లికి వేయించాం. ఇప్పుడు దాని కూతురికి సంబంధాలు చూస్తున్నాం" అన్నారు.

నేను చూసిన ఇళ్లలో చాలావాటి కథ ఇదే. 100 వాట్ల ఫిలమెంటు బల్బు పోయి సీఎఫ్ఎల్ వచ్చింది, అదీ పోయి 9 వాట్ల ఎల్ఈడీ వచ్చింది. హోల్డరు, దాని వెనక ఉన్న రెండంగుళాల వైరు మాత్రం అలాగే ఉండిపోయాయి. ఫిలమెంటు బల్బు తాగే కరెంటులో ఎక్కువ భాగం వేడిగానే బయటికి వస్తుంది. ఆ వేడి పైకి ఎగసి హోల్డరులో చేరుతుంది. ఇళ్లలో వాడే మామూలు పీవీసీ వైరు 70 డిగ్రీల వరకే తట్టుకునేలా తయారవుతుంది. అంతకు మించిన వేడిలో ఏళ్ల తరబడి ఉంటే పీవీసీలోని మెత్తదనం ఆవిరై, పొర గట్టిపడి పెళుసుబారుతుంది. ఇప్పుడు ఎల్ఈడీ పెట్టుకున్నాం కాబట్టి కొత్తగా ఉడికేది లేదు. కానీ ఉడికిపోయిన పొర తిరిగి బాగుపడదు. అందులో ఉండే 230 వోల్టులు కూడా తగ్గలేదు.

ప్రమాదం ఎలా వస్తుందో తెలిస్తే పని ఎలా చేయాలో సులభంగా అర్థమవుతుంది. పొర ఊడిన రెండు తీగలు ఒకదానికొకటి తగిలితే షార్ట్ సర్క్యూట్. ఎంసీబీ (కరెంటు మితిమీరితే దానంతటదే పడే స్విచ్చి) సరైనదైతే క్షణంలో పడిపోతుంది. పాత ఫ్యూజులో "మాటిమాటికీ పోతోంది" అని ఎవరో లావు రాగి తీగ కట్టి ఉంటే, అది తెగదు. గోడలోని వైరు మొత్తం కాలుతుంది. రెండోది లూజ్ కనెక్షన్. స్క్రూ సడలిన చోట చిన్న నిప్పురవ్వలు పుట్టి, హోల్డరు బేకలైటును (గట్టి నల్ల ప్లాస్టిక్కును) బొగ్గులా మారుస్తాయి. ఆ బొగ్గు గీత మీద వంటింటి తిరగమోత జిడ్డు, వానాకాలపు చెమ్మ చేరితే కరెంటు దాని మీదుగానే పాకుతుంది. మూడోది షాకు. ఇక్కడ ఎంసీబీ మనల్ని కాపాడుతుందని చాలామంది నమ్ముతారు. లైట్ల లైనుకు వేసే ఎంసీబీ 6 ఆంపియర్లది. మనిషి గుండె లయ తప్పడానికి అందులో 200వ వంతు, అంటే 30 మిల్లీఆంపియర్ల చుట్టుపక్కల కరెంటు చాలు. షాకు నుంచి కాపాడేది, కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ. అది లేని ఇల్లయితే హోల్డరు జోలికి వెళ్లేముందే దాని గురించి ఆలోచించండి.

ముందు చూపు, వాసన, చెవి

ఇంట్లో ఉన్న ప్రతి హోల్డరునూ ఒకసారి వెలుతురులో పరిశీలించండి. అంచుల్లో గోధుమ రంగు మచ్చ, పగులు, బల్బు పెట్టినా ఊగడం, స్ప్రింగు పిన్నులు లోపలికి దిగి పైకి రాకపోవడం, బల్బు మిణుకు మిణుకుమనడం, జుయ్యిమని సన్నని శబ్దం, ఇవన్నీ విప్పి చూడమని చెప్పే గుర్తులే. చేపలేవీ లేని ఇంట్లో నీచు వాసన వస్తే అసలు ఉపేక్షించవద్దు. వేడెక్కిన బేకలైటు, కొన్ని రకాల ప్లాస్టిక్కులు అటువంటి వాసనే వేస్తాయి. వెంటనే ఆ లైను ఆపేయండి.

స్విచ్చి ఆపినా ఎల్ఈడీ మసకగా వెలుగుతోందంటే దాన్ని ప్రత్యేకంగా చూడాలి. కొన్నిసార్లు పక్కపక్కనే పొడవుగా వెళ్లే వైర్ల ప్రభావం వల్ల అలా జరుగుతుంది, దానివల్ల హాని లేదు. కానీ స్విచ్చిని ఫేజులో (కరెంటు తెచ్చే వైరు) కాకుండా న్యూట్రల్‌లో (కరెంటు తిరిగి వెళ్లే వైరు) వేసినా అలాగే వెలుగుతుంది. అలా వేసిన చోట స్విచ్చి ఆపినా హోల్డరు పిన్నులో 230 వోల్టులు నిలిచే ఉంటాయి. బల్బు మార్చబోయి షాకు తిన్నవాళ్లలో "స్విచ్చి ఆపే పెట్టాను" అన్నవాళ్లను నేను ఎందరినో చూశాను. వాళ్లు అబద్ధం చెప్పలేదు.

సామాన్లు

పిడికి మంచి ఇన్సులేషన్ ఉన్న స్క్రూ డ్రైవర్లు, కటింగ్ ప్లయరు, వైరు పొర తీసే స్ట్రిప్పరు, టెస్టరు, వీలైతే మల్టీమీటరు ఉండాలి. పొడి చెక్క స్టూలు గానీ ఫైబరు నిచ్చెన గానీ చూసుకోండి, ఇనుప స్టూలు వద్దు. కొత్త హోల్డరు ఐఎస్ఐ గుర్తు ఉన్నదే కొనండి. వైరుకు ఐఎస్ 694 అని అచ్చు ఉందో లేదో చూడండి. లైట్ల లైనుకు 1 లేదా 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు సరిపోతుంది. పీవీసీ ఇన్సులేషన్ టేపు, హీట్ ష్రింక్ స్లీవు (వేడి చేస్తే వైరుకు బిగుసుకునే గొట్టం) కొన్ని ముక్కలు తెచ్చుకోండి. ఇంకా ఫిలమెంటు, హాలోజన్ బల్బులు వాడే చోటు ఉంటే మోటారు వైండింగులో వాడే ఫైబర్‌గ్లాస్ స్లీవు కూడా కావాలి. వేడికి అది పీవీసీ కంటే ఎన్నో రెట్లు నిలుస్తుంది. కొన్ని పదుల రూపాయల వస్తువు.

పది రూపాయలు తక్కువని రోడ్డు పక్క అమ్మే పేరు లేని హోల్డరు కొనవద్దని మరీ మరీ చెబుతున్నాను. వాటిలో ఇత్తడి భాగాలు రేకులా పలుచగా ఉంటాయి. స్క్రూ రెండోసారి బిగిస్తే మర అరిగిపోతుంది.

కరెంటు ఆపడం: ఇక్కడ తొందర పనికిరాదు

స్విచ్చి ఆపితే చాలదు. బోర్డులో ఆ లైను ఎంసీబీని, అది ఏదో తెలియకపోతే మెయిన్‌నే దించండి. ఇప్పుడు మన ఇళ్లలో తరచుగా మరిచిపోయేది ఇన్వర్టరు. మెయిన్ దించగానే కరెంటు పోయిందనుకుని ఇన్వర్టరు తన పని తాను మొదలుపెడుతుంది. మీరు స్టూలెక్కిన హోల్డరుకు బ్యాటరీ నుంచి అదే 230 వోల్టులు వస్తాయి. కాబట్టి మెయిన్ దించాక ఇన్వర్టరు స్విచ్చి కూడా ఆపండి. డాబా మీద సోలార్ పలకలు ఉన్నవాళ్లు దాని స్విచ్చి కూడా ఆపాలి. ఎంసీబీ మీద టేపు అంటించి, ఇంట్లో అందరికీ చెప్పండి. "ఫ్యాను తిరగడం లేదేమిటి" అంటూ ఎవరో ఒకరు వెళ్లి ఎత్తేయడం నిజంగా జరిగే పనే. బెజవాడ ఎండల్లో అయితే ఐదు నిమిషాలు కూడా పట్టదు.

తరవాత కరెంటు లేదని తేల్చుకోవాలి. టెస్టరును ముందు కరెంటు ఉన్న చోట, అంటే మెయిన్ దించక ముందే ఏదో ఒక ప్లగ్గులో పెట్టి, అది వెలుగుతోందని చూసుకోండి. మెయిన్ దించాక హోల్డరు రెండు పిన్నులకూ పెట్టి చూడండి. అక్కడ వెలగకపోతే టెస్టరును మళ్లీ పనిచేసే చోట, పక్కింటి ప్లగ్గులోనైనా సరే, పరీక్షించండి. చచ్చిన టెస్టరు కూడా "కరెంటు లేదు" అనే చెబుతుంది కదా. ఎండ వెలుతురులో టెస్టరులోని నియాన్ దీపం సరిగా కనబడదు, చేత్తో నీడ పట్టి చూడండి. మల్టీమీటరు ఉంటే ఫేజుకు, న్యూట్రల్‌కు మధ్యా, ఫేజుకు, ఎర్త్‌కు మధ్యా కొలవడం ఇంకా మేలు.

విప్పడం, చెడిన వైరు కోయడం

విప్పగానే ఏ వైరు ఎక్కడ ఉందో ఫోనుతో ఒక ఫొటో తీసుకోండి. స్క్రూలు వదులు చేసి వైర్లను మెల్లగా బయటికి లాగండి. ఇప్పుడు పొరను వేళ్లతో కొద్దిగా వంచండి. మెత్తగా వంగి తిరిగి నిలబడితే బాగుంది. వంచినచోట గీత పడినా, పగిలినా, రంగు మారినా ఆ భాగం పనికిరాదు. గోధుమ రంగు ఆగి అసలు రంగు మొదలైన చోటికి కూడా ఒక అంగుళం వెనక్కి వెళ్లి కోసేయండి.

కోస్తే వైరు పొట్టిదవుతుంది, అందుకే చాలామంది కోయడానికి మనసొప్పక దాని మీద టేపు చుట్టేస్తారు. ఈ పనిలో నేను చూసిన అతి పెద్ద తప్పు అదే. పెళుసు పొర మీద టేపు చుట్టేటప్పుడే లోపల పొర ముక్కలవుతుంది. పైకి మాత్రం చక్కగా కనబడుతుంది. పొట్టి అయితే సీలింగ్ రోజ్ (పైకప్పుకు బిగించే, వైరు వేలాడే గుండ్రటి డబ్బా) లోపలో, పెట్టె లోపలో స్క్రూ కనెక్టరు పెట్టి కొత్త వైరు ముక్క కలపండి. అతుకు గోడ పైపు లోపల ఉండకూడదు, గాలిలో వేలాడకూడదు. వెనక్కి వెళ్లేకొద్దీ పైపు లోపలి వైరు కూడా పెళుసుగానే ఉంటే మీ పని అక్కడ ఆపి, లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తో ఆ లైను మొత్తం మార్పించండి. పాత ఇళ్లలో అల్యూమినియం వైరు కనబడినా అంతే. దాన్ని రాగితో కలిపి మెలిపెడితే రెండు లోహాల మధ్య చెమ్మ చేరి అతుకు తినేస్తుంది, వేడెక్కుతుంది.

ఇన్సులేషన్: స్లీవు, టేపు, వాటి వరస

మంచి వైరు చేతికి వచ్చాక స్ట్రిప్పరుతో చివర 6 నుంచి 8 మిల్లీమీటర్ల పొర మాత్రమే తీయండి. బ్లేడుతో గీస్తే రాగి మీద గాటు పడుతుంది, ఆ గాటు దగ్గరే తరవాత విరుగుతుంది. సన్నని పోగుల వైరైతే పోగులన్నీ ఒక్కటిగా మెలిపెట్టి, చివర మడిచి రెండు పేటలు చేయండి. ఒక్క పోగు కూడా బయట మిగలకూడదు. పక్క స్క్రూను తాకడానికి ఒక్క పోగు చాలు.

స్లీవును కలపడానికి ముందే వైరులోకి ఎక్కించాలి. బిగించాక గుర్తొస్తే మళ్లీ విప్పడమే. స్లీవు పొడవు స్క్రూ అంచు నుంచి మంచి పొర మీదికి కనీసం మూడు సెంటీమీటర్లు వచ్చేలా కోయండి. హీట్ ష్రింక్ అయితే వేడి గాలి గన్నుతో చుట్టూ తిప్పుతూ బిగుసుకునేదాకా వేడి చేయండి. అగ్గిపుల్ల మంట చూపితే ఒకవైపు మాడి, ఒకవైపు వదులుగా ఉండిపోతుంది. ఫైబర్‌గ్లాస్ స్లీవు ముడుచుకోదు, తొడిగితే చాలు. ఫేజుకూ న్యూట్రల్‌కూ విడివిడిగా తొడగాలి. రెండూ కలిపి ఒకే గొట్టంలో దూర్చితే చేసిన పనికి అర్థం లేదు.

టేపు చోటు వేరు. అది రోజ్ పెట్టె వంటి చల్లటి చోట, కనెక్టరు చుట్టూ అదనపు రక్షణకు బాగుంటుంది. చుట్టేటప్పుడు కొంచెం సాగదీస్తూ, ప్రతి చుట్టూ ముందు చుట్టును సగం కప్పేలా తిప్పండి. మంచి పొర మీదికి రెండు సెంటీమీటర్లు వెళ్లి, మళ్లీ వెనక్కి రెండో వరస రండి. చివరి చుట్టు మాత్రం సాగదీయకుండా అంటించండి. సాగదీసిన చివర నాలుగు రోజులకే లేచిపోతుంది. హోల్డరు లోపల, బల్బు దగ్గర టేపు చుట్టకండి. వేడికి జిగురు కరిగి కారి, టేపు జారుతుంది. ఇంటి పనులకు వాడే పారదర్శక టేపు, ప్లాస్టరు, పాలిథీన్ కవరు, ఇవేవీ ఇన్సులేషన్ కావు.

బిగించడం

రెండు పిన్నుల హోల్డరులో ఏ పిన్నుకు ఏ వైరైనా బల్బు వెలుగుతుంది. అయినా స్విచ్చి నుంచి వచ్చేది ఫేజే అని తేల్చుకోండి. మర ఉన్న హోల్డరుల సంగతి అలా కాదు. అక్కడ ఫేజు అడుగున మధ్యలో ఉన్న నాలుకకు, న్యూట్రల్ చుట్టూ ఉన్న మరకు వెళ్లాలి. తారుమారైతే బల్బు తిప్పుతున్న వేళ్లకు అంచున కరెంటు తగిలే అవకాశం ఉంటుంది. హోల్డరు గానీ లైటు ఒళ్లు గానీ లోహమైతే దానికి ఎర్త్ వైరు తప్పనిసరి. పాత వైరింగులో ఎరుపు, పసుపు, నీలం ఫేజులు, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్త్. కానీ రంగును నమ్మి పని చేయవద్దు, టెస్టరును నమ్మండి.

స్క్రూ బిగించాక వైరును మెల్లగా లాగి చూడండి, రాకూడదు. వేలాడే హోల్డరు అయితే బల్బు, షేడు బరువు స్క్రూల మీద పడకూడదు. సీలింగ్ రోజ్‌లో వైరు తట్టుకోవడానికి గట్టు ఉంటుంది, దాని చుట్టూ తిప్పి దించండి. హోల్డరు మూత లోపల వైరుకు ఒక ముడి వేసి, ఆ ముడి మీద బరువు నిలిచేలా చూడండి. గోడకు పాత చెక్క బ్లాకు చెమ్మ పట్టి ఉబ్బిందంటే దాన్ని తీసేసి పీవీసీది వేయండి. తడిసిన చెక్కను ఇన్సులేషన్ అనుకోకూడదు.

బయటి లైట్లు, స్నానాల గది, వరద చూసిన ఇళ్లు

వాన తగిలే చోట, స్నానాల గదిలో మూత లేని హోల్డరు పెట్టనే కూడదు. రబ్బరు వాషరు, గాజు మూత ఉన్న మూసిన ఫిట్టింగు వేయండి. బయటైతే ఐపీ65 (ధూళి, నీటి ధార లోపలికి పోనివ్వదనే గుర్తు) అని రాసి ఉన్నది తీసుకోండి. వైరు కింది నుంచి లోపలికి వెళ్లాలి. పై నుంచి వచ్చే వైరైతే ఫిట్టింగు కంటే కిందికి ఒక వంపు దించి, అక్కడి నుంచి పైకి తిప్పి లోపలికి ఇవ్వండి. నీటి చుక్క వైరు వెంట పాకి ఆ వంపు దగ్గర కింద పడిపోతుంది, హోల్డరులోకి వెళ్లదు. వినాయక చవితి పందిళ్ల దగ్గర, ఆ తరవాత దసరా లైటింగులో బల్బుకు పాలిథీన్ కవరు కట్టి "తడవదు" అంటారు. కవరు లోపల చెమ్మ చేరి చుక్కలవుతుంది, వేడి బయటికి పోదు. ఆ కవరు విప్పించండి.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద సింగ్‌నగర్, పాయకాపురం వైపు ఇళ్లలో రోజుల తరబడి నిలిచింది. నీళ్లలో మునిగిన హోల్డర్లు, స్విచ్చులు ఆరిన తరవాత పని చేస్తున్నాయని అలాగే వదిలేసిన ఇళ్లు ఇంకా ఉంటే, దయచేసి మార్చండి. నీళ్లు ఆరినా సన్నని బురద పొర లోపలే ఉంటుంది. చెమ్మ తగిలిన ప్రతిసారీ అది కరెంటుకు దారి ఇస్తుంది. గోడ పైపుల్లో నిలిచిన నీటి సంగతి మాత్రం కంటికి తెలియదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి 500 వోల్టుల మెగ్గరు అనే కొలత పరికరంతో ఇన్సులేషన్ కొలిపించండి. ఒక మెగాఓమ్ కంటే తగ్గకూడదు.

మిర్చి ఉన్న చోట

గుంటూరు చుట్టుపక్కల ఇళ్లలోనే మిర్చి టిక్కీలు (గోనె బస్తాలు) నిల్వ చేసేవాళ్లున్నారు. గోనె పీచు, మిరప పొడి రెండూ కాలే వస్తువులే. ఆ ధూళి హోల్డరు సందుల్లో చేరుతుంది, వేడి గాజు మీద పేరుకుంటుంది. అక్కడ ఫిలమెంటు బల్బు వద్దు. గాజు మూత, జాలీ ఉన్న మూసిన ఫిట్టింగులో ఎల్ఈడీ పెట్టండి. టిక్కీల వరస పెరిగి పెరిగి లైటును తాకడం మామూలే కాబట్టి, లైటును వరసల మీద కాకుండా నడిచే దారి మీద ఉండేలా బిగించండి. పనయ్యాక బయటికి వస్తూ ఆపేలా స్విచ్చి గుమ్మం బయట పెట్టించండి.

ఇంట్లోనూ షేడు మీద రాసిన వాట్ల పరిమితి దాటకండి. కాగితం, గుడ్డ షేడు బల్బును తాకకూడదు.

పరీక్ష

బల్బు పెట్టకుండా మెయిన్ ఎత్తండి. స్విచ్చి ఆపి ఉన్నప్పుడు టెస్టరు రెండు పిన్నులలోనూ వెలగకూడదు. స్విచ్చి వేస్తే ఒక్కదాంట్లోనే వెలగాలి. రెండింటిలోనూ వెలిగితే న్యూట్రల్ తెగినట్టో, ఎక్కడో లీకు ఉన్నట్టో లెక్క. ఆపి ఉన్నా ఒకదాంట్లో వెలిగితే స్విచ్చి తప్పు వైరులో ఉంది. బోర్డు విప్పి సరిచేయించాలి. అన్నీ సరిగా ఉంటే స్విచ్చి ఆపి బల్బు పెట్టి, అరగంట వెలిగించండి. ఆ తరవాత మెయిన్ దించి హోల్డరు ఒంటిని వేళ్లతో తాకి చూడండి. ఎల్ఈడీకి గోరువెచ్చగా ఉండడం సహజం. వేలు పెట్టలేనంత వేడి ఉంటే స్క్రూ సడలిందేమో మళ్లీ చూడాలి. ఆర్‌సీసీబీ ఉంటే దాని మీద ఉన్న టెస్టు బటన్ నొక్కండి, ఠక్కున పడాలి. మూడు నెలలకొకసారైనా అలా నొక్కడం అలవాటు చేసుకోండి.

ఎవరికైనా షాకు తగిలి అతుక్కుపోతే చేత్తో లాగకండి. ముందు మెయిన్ దించండి. అది అందకపోతే పొడి కర్రతో వైరును గానీ మనిషిని గానీ విడదీసి, 108కి ఫోను చేయండి. మంట వస్తే కరెంటు ఆపకుండా నీళ్లు పోయవద్దు. పొడి ఇసుకో, పొడి రసాయన ఆర్పకమో వాడి, 101కి చెప్పండి. స్తంభం నుంచి మీటరు దాకా వచ్చే వైరులో తేడా ఉంటే అది మీ పని కాదు, 1912కి చెప్పాలి.

చివరగా ఒక చిన్న అలవాటు. మూత బిగించే ముందు దాని లోపలివైపు చెరగని మార్కరుతో నెల, సంవత్సరం రాయండి. తరవాత ఎవరు విప్పినా ఆ వైరు వయసు అడగకుండానే తెలుస్తుంది. బ్రాడీపేట పెద్దావిడ వంటింటి హోల్డరులో నేను "మే 2025" అని రాశాను. ఆ పక్కనే, తన పేరు కూడా రాయమని మనవరాలు అడిగితే, అదీ రాశాను.